పోటు చూసుకుని వెళ్లండి

బందరు దగ్గరి చేపల రేవు గిలకలదిండిలో పిల్లలకు మెంటర్లుగా ఉండడానికి బందరు కాలేజీల నుంచి, ఆఫీసుల నుంచి కొత్తగా వస్తున్న అబ్బాయిలూ అమ్మాయిలూ నన్ను ముందుగా అడిగేది ఇదే: "మాస్టారూ, మొదటిరోజు వాళ్లకేం చెప్పమంటారండీ?" ఏమీ చెప్పొద్దంటాను. రేవు పిల్లల మధ్య చాలా ఏళ్లు గడిపినవాణ్ణి. చెప్పడానికి ముందు జరగాల్సినవి కొన్నున్నాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు వాళ్ల క్యాలెండరు నేర్చుకోండి.

మన ఆదివారం రేవుకి పట్టదు. ఇక్కడి హార్బరు సముద్రపు ఒడ్డున లేదు, లోపల పాయ మీద ఉంది. మొగ దగ్గర ఇసుక మేట వేసినప్పుడు బోటు లోపలికి రావాలంటే పోటు రావాల్సిందే. అది తెల్లవారుజామునైనా రావచ్చు, మిట్టమధ్యాహ్నమైనా రావచ్చు. బోటు వచ్చిందంటే ఇంటిల్లిపాదీ రేవులోనే ఉంటారు. ఆ వేళ మీరు పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడితే వాళ్లు మర్యాదకి కుర్చీ వేస్తారు గానీ, మనసు రేవులోనే ఉంటుంది. అందుకని ఎప్పుడు రమ్మంటారో వాళ్లనే అడగండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరమంతా ఇంజను బోట్లతో చేపల వేట నిషేధం. తండ్రులు ఇంటిపట్టున ఉండి వలలు బాగుచేసుకుంటారు, బోట్లకు మరమ్మతులు చేయించుకుంటారు. ఇంటివాళ్లతో పరిచయం పెంచుకోవడానికి అంతకంటే మంచి కాలం లేదు. చేతిలో డబ్బు ఆడనిదీ ఆ కాలమే. కాలేజీ ఫీజుల మాట, కోచింగ్ మాట అప్పుడు ఎత్తకండి.

2. పిల్లాడి కంటే ముందు వాళ్లమ్మకి తెలియాలి.

మీరెవరో, ఎందుకొస్తున్నారో, పిల్లాణ్ణి ఎక్కడికి తీసుకెళ్తున్నారో ఆవిడకు చెప్పండి. నలుగురూ కనిపించే చోటే కూర్చోండి, అరుగు మీదో, గుడి దగ్గరో, బడి వరండాలోనో. మూసిన తలుపుల వెనక మాటలొద్దు, రాత్రిపూట ఫోన్లో రహస్యపు మెసేజీలొద్దు. ఆడపిల్లలకు ఆడవాళ్లే తోడుగా ఉండడం మేలు. పిల్లలెవరైనా తమకు హాని జరుగుతోందని చెబితే దాన్ని మీలోనే దాచుకోకండి, 1098కి ఫోన్ చేయండి. ఇందులో మొహమాటానికి తావు లేదు.

3. బాగుచేయడానికి వెళ్లకండి.

ఇది అన్నిటికంటే కష్టమైనది. చదువుకున్నవాళ్లం కదా, ఎదుటివాడి లోపాలు మన కంటికి ముందు కనిపిస్తాయి. మార్కులు తక్కువ, బడి ఎగ్గొడతాడు, ఫోన్ వదలడు. ఈ జాబితాతో వెళ్తే రెండోవారానికే మీరు వాడికి ఇంకో ఇన్‌స్పెక్టరు అవుతారు.

అమెరికాలో క్రిస్టీన్ మారో, మెలనీ స్టైల్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి 82 మెంటరు-పిల్లల జంటలను దగ్గరగా గమనించి 1995లో నివేదిక రాశారు. పిల్లాణ్ణి మార్చాలనే పట్టుదలతో తామే అన్నీ నిర్ణయించిన పెద్దల దగ్గర పిల్లలు ఎక్కువకాలం నిలవలేదు. ఏం చేద్దామన్నది పిల్లలకే వదిలి, ముందు చనువు పెంచుకున్నవాళ్ల దగ్గర నిలిచారు. విచిత్రమేమిటంటే, చదువు గురించీ ఇంటి కష్టాల గురించీ పిల్లలు నోరు విప్పింది కూడా వీళ్ల దగ్గరే. రేవులో నేను చూసిందీ ఇదే. కాబట్టి మొదటి కొన్ని నెలలు క్రికెట్ ఆడండి, మంగినపూడి బీచికి వెళ్లండి, వాడు చూసిన సినిమా కథ వాడి నోటే వినండి. అదంతా కాలం వృథా అనుకోకండి.

4. వాడికి వచ్చిన పని చూపించమనండి.

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు ప్రిన్సిపాలు ఉండేవాడు. దామెర్ల రామారావు అనే కుర్రాడి చేతిలో బొమ్మ ఉందని కనిపెట్టి, ప్రోత్సహించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి దారి చూపించాడు. రామారావు 1916లో అక్కడ చేరాడు. 1925లో, ముప్పయ్యేళ్లయినా నిండకుండానే పోయాడు గానీ, ఆంధ్ర చిత్రకళకు కొత్త దారి వేసి పోయాడు. అదే కూల్డ్రే ప్రాపకంలో ఎదిగిన అడివి బాపిరాజు 1934లో మన బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చాడు. పిల్లల్లో ఉన్నదాన్ని ముందు చూసిన ఒక పెద్దమనిషి వల్ల ఎంత దూరం వెలుగు వచ్చిందో చూడండి.

గిలకలదిండి కుర్రాడికి వల అల్లడం వచ్చు, ఇంజను చప్పుడు విని దాని జబ్బు చెప్పడం వచ్చు, గాలి మళ్లితే పసిగట్టడం వచ్చు. "నాకు నేర్పరా" అని కూర్చోండి. మీకు నేర్పినవాడికి మీ దగ్గర నేర్చుకోవడానికి చిన్నతనం ఉండదు.

5. ఊరి గాయాలను కెలకకండి.

1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు. 2004 డిసెంబరు 26 సునామీ ఈ తీరాన్నీ విడిచిపెట్టలేదు. ఇవి పిల్లలు పుట్టకముందు మాటలే అయినా అమ్మమ్మల నోట ఇంకా బతికే ఉన్నాయి. ఆసక్తి కొద్దీ అడగకండి. చెప్పాలనిపించిన రోజున వాళ్లే చెబుతారు, అప్పుడు మాత్రం మధ్యలో లేవకండి.

6. డబ్బు చేతికివ్వకండి.

అవసరం నిజమైతే బడి ద్వారానో, సంఘం పెద్దల ద్వారానో చూడండి. డబ్బు నడిచాక పిల్లాడు మిమ్మల్ని చూసి తప్పుకు తిరుగుతాడు.

7. "నేను వేటకెళ్తానండీ" అంటే ఉలిక్కిపడకండి.

వాళ్ల నాన్న, తాత చేసిన పని అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడితే ఆ ఇంట్లో మీ మాట మళ్లీ చెల్లదు. ఈడు రాకుండా బోటెక్కొద్దని గట్టిగా చెప్పండి, పది పూర్తి చేయమని బతిమాలండి. నీళ్ల మీద ప్రేమ ఉన్నవాడికి నీళ్లలోనే ఇంకో దారి ఉంది. దివిసీమలో భావదేవరపల్లి ఫిషరీస్ పాలిటెక్నిక్‌లో పది తర్వాత డిప్లొమా చేయొచ్చు. ఒకరోజు బస్సెక్కించి తీసుకెళ్లి చూపించండి, వాళ్ల నాన్ననూ రమ్మనండి. నిర్ణయం వాళ్లదే.

8. ఏడాది ఉండలేకపోతే మొదలే పెట్టకండి.

ఇంత గట్టిగా అనడానికి కారణం ఉంది. జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే పరిశోధకులు మెంటరింగ్ మీద 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదికి పైగా సాగిన అనుబంధాల్లో పిల్లలకు ఎక్కువ మేలు కనిపించింది. మూడు నెలల్లోపే తెగిపోయినచోట పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం తగ్గింది. అంటే అసలు వెళ్లనివాళ్ల కంటే, వెళ్లి మధ్యలో మానేసినవాళ్ల వల్లే నష్టం ఎక్కువ. బోటు మీద వెళ్లిన తండ్రి ఎప్పుడొస్తాడో ఖాయంగా చెప్పలేని ఇళ్లివి. మంగళవారం వస్తానన్నవాళ్లు మంగళవారమే రావాలి. రాలేకపోతే ముందురోజే ఫోన్ చేయాలి.

ఉద్యోగం వచ్చో, పెళ్లయ్యో వెళ్లిపోవాల్సి వస్తే ఒక నెల ముందే చెప్పండి. మీ తర్వాత వచ్చేవాళ్లను మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్లి, వాళ్లమ్మకీ నాన్నకీ పరిచయం చేయండి. కొత్తవాళ్లతో మొదటి రెండుమూడు సార్లు మీరూ కూర్చోండి.