పోటీ పరీక్షల ప్రత్యేకం: వరి మడిలో ఊద గడ్డి

వరి నారులో కలిసిపోయి రైతు కంటిని మోసం చేసే ఏకవార్షిక కలుపు మొక్క ఊద గడ్డి.

శాస్త్రీయ నామం: ఎకైనోక్లోవా కొలోనా
కుటుంబం: పోయేసి (ఏకదళబీజ మొక్క)
ఆవాసం: వరి మళ్లు, పొలం గట్లు, కాలువ ఒడ్లు, తేమ నిలిచే పల్లపు నేలలు

గుర్తించడం ఎలా?
ఆకును కాండం నుంచి మెల్లగా వెనక్కి వంచి చూడాలి. వరిలో ఆకు కాండాన్ని చుట్టిన చోట నాలుకలాంటి తెల్లని పొర (లిగ్యూల్) కనిపిస్తుంది. ఊదలో అది ఉండదు; అక్కడ నున్నగా ఉంటుంది. కొన్ని మొక్కల ఆకులపై అడ్డంగా ఊదా రంగు పట్టీలుంటాయి. కంకిలో చిరుకంకులు వరుసలుగా పేర్చినట్టుంటాయి. వాటికి పొడవాటి ముళ్లుండవు. దగ్గరి జాతి ఎకైనోక్లోవా క్రస్‌గల్లి దీనికన్నా ఎత్తుగా పెరుగుతుంది, దాని చిరుకంకులకు తరచూ ముళ్లుంటాయి.

గుర్తుంచుకోండి
• ఊద సి-4 మొక్క, వరి సి-3 మొక్క. ఎండ, వేడి ఎక్కువైతే ఊదదే పైచేయి.
• కలుపు మొక్క పంటను పోలి ఉండి కలుపుతీతను తప్పించుకోవడాన్ని వావిలోవియన్ అనుకరణ అంటారు. రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ పేరు మీద వచ్చిందీ మాట.
• మనం తినే చిరుధాన్యం ఊదలు (ఎకైనోక్లోవా ఫ్రుమెంటేసియా) ఈ అడవి గడ్డి నుంచి సాగులోకి వచ్చినవే.
• 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది.

మాదిరి ప్రశ్న
వరి, ఊద మొక్కలను లేత దశలో వేరుచేసే లక్షణం?
1) వేరు రంగు 2) లిగ్యూల్ 3) గింజ బరువు 4) కాండం రుచి
జవాబు: 2