బావినీటిలో ఫ్లోరైడు - వెలుగుతో పరీక్ష

తేటగా నున్న నీరెల్ల త్రాగదగినదని తలచరాదు. నీటిలోని ఫ్లోరైడు కంటికి కానరాదు, వాసనకు తెలియదు. అది మితిమీరిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పిల్లల పండ్లు గారపట్టును. పెద్దల వెన్ను, కీళ్ళు బిగిసిపోవును. మన దేశమున ఈ వ్యాధిని మొదట 1937లో నాటి నెల్లూరు జిల్లా ప్రాంతమున గుర్తించిరి. నల్లగొండ జిల్లా పడిన బాధ మీరెరిగినదే.

భారత ప్రమాణముల ప్రకారము లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదు. వేరు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతింతురు. ఇంత స్వల్పమును కనుగొనుట ఎట్లు?

ఇందుకు శాస్త్రజ్ఞులు ఒక కొత్త మార్గము వెదకుచున్నారు. వలలో ముడులను దారములు కలిపినట్లు, లోహ పరమాణువులను కర్బన అణువులతో వరుసగా కూర్చినచో సమన్వయ పాలిమర్లు ఏర్పడును. వీనిలో కొన్ని అతినీలలోహిత దీపము క్రింద మెరయును. నోట్లు పరీక్షించు దీపము క్రింద నోటుపై అంకెలు మెరయుట చూచియే యుందురు, ఇదియు అట్టిదే. టెర్బియము గలవి పచ్చగాను, యూరోపియము గలవి ఎర్రగాను వెలుగును. కల్మషము సోకినపుడు ఈ వెలుగు తగ్గును, లేదా హెచ్చును. ఆ మార్పును కొలిచి కల్మషమెంతయో లెక్కకట్టుదురు.

2008లో ప్రకటింపబడిన టెర్బియము పదార్థమొకటి ఫ్లోరైడు సోకగా మరింత వెలిగెను. అయితే ఆ పరీక్ష మిథనాలులో జరిగినది, బావినీటిలో కాదు. నీటిలోని ఇనుము కూడ ఇట్టి పదార్థములలో పెక్కింటి వెలుగును తగ్గించును. కొన్ని నీటిలో నిలువక చెదరిపోవును. ఈ చిక్కులు తీరినగాని ఇవి పల్లెలకు నమ్మదగిన సాధనములు కానేరవు.

కనుక ప్రయోగశాల పరీక్షయే శరణ్యము. నమూనా తీయునపుడు ఈ క్రింది విషయములు పాటింపుడు:

1. గాజుసీసా వలదు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా వాడుడు.
2. బోరును కొన్ని నిమిషములు ఆడించి, అదే నీటితో సీసాను మూడుసార్లు తొలిచి నింపుడు.
3. సీసాపై గ్రామము, బోరు గుర్తు, లోతు, తేది వ్రాయుడు.
4. ప్రతి బోరునకు వేరుగా నమూనా తీయుడు. ప్రక్కప్రక్క బోర్లలోనే ఫ్లోరైడు భేదింపవచ్చును.

నీటిని కాచినచో ఫ్లోరైడు పోవునని నమ్మకుడు. నీరు ఆవిరై తరుగును, ఫ్లోరైడు మిగిలి మరింత చిక్కనగును.

గ్రామోద్యోగులు నమూనాలను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు చేర్చవలెను. ఫలితము హద్దు మీరినచో ఆ బోరుపై “త్రాగుటకు, వంటకు పనికిరాదు” అని వెంటనే వ్రాయింపవలెను. వంగిన ఎముకను చక్కచేయు మందు లేదు. నీటిని మార్చుకొనుటయే మన చేతిలోని పని.