మంగళం వినకుండా లేవరాదు

రామగిరి
12-2-2023

చిరంజీవి పాపకు మేనత్త దీవించి రాయునది.

టెలివిజన్ ధారావాహిక, అనగా వాడుకలో సీరియల్, ముగిసినప్పుడు దాని అభిమానికి కలిగే దుఃఖాన్ని చిన్నదని కొట్టివేయడం పెద్దలకు తగిన పని కాదు. అయితే ఆ దుఃఖం అన్నం మాన్పించి, నిద్ర మాన్పించి, ముగిసిన కథను మళ్ళీ మొదలుపెట్టమని చానల్‌వారికి విన్నపాలు రాయించే దాకా వెళ్ళినప్పుడు చూస్తూ ఊరుకోవడమూ వారికి తగదు. బెంగుళూరు నుంచి చిరంజీవి రాసిన ఉత్తరంలో ఈ మూడు సంగతులూ ఉన్నందువల్లనే ఈ లేఖ అవసరమైంది. ‘కార్తీకదీపం’ జనవరి 23న ముగిసిన నాటి నుంచి రాత్రి ఏడున్నరకు హాస్టల్ గదిలో లైటు ఆర్పి కూర్చోవడం, రెండు గంటల దాకా పాత భాగాలను ఫోన్‌లో చూడటం, తోటి ఆడపిల్లల చేత సంతకాలు పెట్టించడం వంటివి చదివిన తరువాత, అవ్వకు ఆ ఉత్తరంలో సగమే చదివి వినిపించడం జరిగింది.

ముందుగా ఆ దుఃఖానికి ఇవ్వవలసిన విలువ ఇవ్వాలి. స్టార్ మా చానల్‌లో 2017 అక్టోబర్ 16న మొదలైన ఆ కథ 1569 భాగాలు నడిచింది. ప్రకటనలు తీసివేసి ఒక్కో భాగాన్ని ఇరవై నిమిషాలుగా లెక్కగట్టినా 520 గంటలు దాటుతుంది. ఇంటర్ మొదటి ఏడాదిలో చూడటం మొదలుపెట్టిన పిల్ల డిగ్రీ ముగించి ఉద్యోగంలో చేరే వరకు, వేళ తప్పకుండా ఇంటికి వచ్చిపోయిన మనిషి లాంటిది ఆ కథ. అటువంటి మనిషి రాక ఆగిపోతే చూపు గుమ్మం వైపు పోవడం సహజమే. పైగా ‘కరుత్తముత్తు’ అనే మలయాళ ధారావాహికకు తెలుగు రూపమైన ఈ కథలో నాయిక దీప, నల్లని ఛాయ కారణంగా అత్తగారి ఈసడింపులు పడి, భర్త అనుమానానికి గురై, వంటచేసి బతుకుతూ వంటలక్కగా పేరు తెచ్చుకొని, తలవంచకుండా బిడ్డను పెంచుకున్న స్త్రీ. ఆ పాత్ర చిరంజీవికి ఎందుకంత దగ్గరైందో ఇంటివారికి విడమరచి చెప్పనక్కరలేదు. చిరంజీవి ఛాయ గురించి ఒకప్పుడు అనరాని మాటలు అన్నవారిలో మేనత్త కూడా ఉన్నదని, ఆ తప్పు ఈనాటికీ ఆమె మనసులో ముల్లులా మెదులుతున్నదని మాత్రం ఇక్కడ రాసి ఉంచాలి. మలయాళంలోనూ తెలుగులోనూ ఆ పాత్ర ధరించిన ప్రేమి విశ్వనాథ్ ముఖానికి నల్లరంగు పులిమి చూపించడం ఆ ధారావాహికలోని లోపమే. నల్లని ఆడపిల్ల కథ చెప్పదలచినవారు నల్లని ఆడపిల్లనే వెతికి తెచ్చి ఉండవలసింది. అయినా ఆ రంగు వెనుక ఉన్న నటన నిజమైనది, దాన్ని చూసి పాప అద్దం ముందు నిలబడే తీరు మారిన మాటా నిజమే.

ఇంతకంటే పెద్ద లోపం మరొకటి ఉన్నది, ఈ లేఖ ప్రధానంగా దాని గురించే: ఆ కథకు ఎవరూ మంగళం పాడలేదు. మంగళం అనగా హరికథ, యక్షగానం, తోలుబొమ్మలాట వంటివి ముగిసేటప్పుడు కథలోని దేవుడికి హారతి ఇచ్చి, విన్నవారికి శుభం కోరుతూ పాడే చివరి పాట. సాధారణంగా సౌరాష్ట్ర రాగంలోనో మధ్యమావతిలోనో సాగుతుంది. కొట్టు మూతపడితే మంగళం పాడారని చెడు అర్థంలో వాడటం ఆ మాటకు జరిగిన అన్యాయం. పద్యకావ్యంలో ప్రతి ఆశ్వాసం, అంటే అధ్యాయం, ముగిసేచోట కవి తన పేరూ తండ్రి పేరూ చెప్పుకుంటూ ఒక గద్య రాసేవాడు. పురాణం చివర ఫలశ్రుతి, అంటే ఆ కథ విన్నవారికి కలిగే ఫలం చెప్పే భాగం, ఉండేది. పాత తెలుగు సినిమా చివర తెర నిండా ‘శుభం’ అని పడేది. రెండో ఆట ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటూ, నిద్రపోయిన పిల్లలను భుజాన వేసుకుంటూ లేచే వేళ ఆ రెండక్షరాలు చేసే పని తక్కువది కాదు; కథ ఇంతవరకే, ఇక ఇంటికి వెళ్ళవచ్చునని అవి అనుమతి ఇచ్చేవి. టెలివిజన్ ఆ అనుమతి ఇవ్వదు. చివరి దృశ్యం మీద పేర్లు పరుగెత్తుతుండగానే తరువాతి కార్యక్రమపు ప్రకటన మొదలవుతుంది, చూసేవారు లేవాలో కూర్చోవాలో తెలియని స్థితిలో మిగిలిపోతారు. చిరంజీవి రాత్రి రెండు గంటల దాకా లేవలేక కూర్చుంటున్నది ఈ కారణం చేతనే.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల గ్రామం. 2020లో పద్మశ్రీ ప్రకటించిన దళవాయి చలపతిరావు ఆ గ్రామంవారే. వానలు లేని ఏడు విరాటపర్వం ఆడిస్తే వాన పడుతుందనే నమ్మకం ఈ సీమలో ఉన్నందువల్ల, మేనత్తకు ఎనిమిదేళ్ళ వయసులో ఆ కళాకారుల ఆట ఒకటి ఊళ్ళో తెల్లవార్లూ జరిగింది. కేతిగాడూ బంగారక్కా వచ్చి నవ్వించే ఘట్టాల దాకా మేలుకొని ఉన్న పిల్లలందరూ కోడికూతకు ముందే నిద్రలోకి జారారు. మంగళం మొదలయ్యే వేళకు చిరంజీవి తాతగారు కూతురి చెంప మీద తట్టి లేపి, కళ్ళు తెరవకపోయినా ఫరవాలేదు గాని కూర్చొని వినాలని, మంగళం వినకుండా లేవరాదని చెప్పారు. హారతి పళ్ళెం తిరిగిపోయాక తెర వెనుకకు వెళ్ళిన పిల్లకు ఒక ముసలి కళాకారుడు ద్రౌపది బొమ్మను చేతికిచ్చారు. రాత్రంతా తెర మీద కెంపులా వెలిగిన ఆ బొమ్మ, దీపం ముందు నుంచి తీయగానే, మేకతోలు వాసనతో, నడుమ వెదురుబద్దతో, నగల కోసం పొడిచిన సన్నని చిల్లులతో, మసకబారిన ఎరుపుగా చేతిలో నిలిచింది. మళ్ళీ ఒక్కసారి దీపం ముందు పెట్టమని పిల్ల బతిమాలితే ఆయన కోప్పడలేదు. మంగళమైనాక బొమ్మ నిద్రపోవాలని చెప్పి, పాత గుడ్డ పరచి, ఆమెను మిగిలిన బొమ్మల మీద పడుకోబెట్టి బుట్ట మూత వేశారు. అప్పుడు ఏడుపు రాకపోవడం మేనత్తకు నేటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

మంగళాన్ని జనం ఒప్పుకోని సందర్భాలూ లేకపోలేదు. దూరదర్శన్‌లో 1987 జనవరి 25న మొదలైన రామానంద్ సాగర్ ‘రామాయణ్’ ఆదివారం ఉదయాల్లో వచ్చేది. రామగిరిలో బంగారు గని ఉద్యోగి ఒకరి ఇంట్లో ఉన్న టీవీ ముందు నలభై మంది కూర్చుంటే, మేడ మీద ఒకరు యాంటెన్నా గొట్టం పట్టుకొని తిప్పుతుండగా, హిందీ రాకపోయినా అందరికీ కథ ముందే తెలుసు గనుక ఎవరికీ అర్థం కాని మాట ఉండేది కాదు. 78 భాగాల తరువాత 1988 జూలై 31న అది ముగిసినప్పుడు, ఉత్తరకాండ కూడా చూపించాలని కోరుతూ జలంధర్ తదితర నగరాల్లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు, తరువాత ‘ఉత్తర రామాయణ్’ వచ్చింది. వారిది కేవలం అభిమానం కాదు. వాల్మీకిని తమ కులగురువుగా కొలిచేవారు కావడం చేత, ఆ మహర్షి ఆశ్రమ కథ లేని రామాయణం వారికి అసంపూర్ణం. న్యాయమైన కోరిక అది. చిరంజీవి సేకరిస్తున్న సంతకాలకు అటువంటి ఆధారం ఉన్నదా అన్నది నిదానంగా ఆలోచించుకోవాలి, అన్నం తిన్న తరువాత ఆలోచించుకోవాలి.

సంతకాల వల్ల పని జరగదని ఈ లేఖ ఉద్దేశం కాదు. 2022లో లీప్, అనగా కథలో కొన్ని ఏళ్ళను ఒక్కసారిగా దాటించడం, పేరుతో దీపనూ ఆమె భర్త కార్తీక్‌నూ చనిపోయినట్టు చూపి తప్పించి పెద్దవారైన కూతుళ్ళ మీదికి కథను మళ్ళించారు. ఆ జంట లేని కథను ప్రేక్షకులు ఒప్పుకోలేదు, అదే ఏడాది వారిద్దరినీ వెనక్కి తీసుకువచ్చారు. ధారావాహిక ఆయుష్షును నిర్ణయించేది టీఆర్‌పీ. ఎంపిక చేసిన కొన్ని ఇళ్ళలో టీవీలకు మీటర్లు అమర్చి, ఏది ఎంతమంది చూశారో లెక్కగట్టే ఈ కొలమానాన్ని బార్క్ అనే సంస్థ వారం వారం ప్రకటిస్తుంది. చనిపోయారనుకున్నవారు ఒకసారి తిరిగి వచ్చినందువల్ల మరోసారి కూడా వస్తారనే ఆశ పుట్టింది, ఆ ఆశే చిరంజీవిని వీడ్కోలు చెప్పనివ్వడం లేదు. ధర్మవరంలో మగ్గం మీద నేసిన పట్టుచీర ఎంత అందంగా వచ్చినా, కొంగు ముగిసిన చోట కత్తెర వేసి దించితేనే అది చీర అవుతుంది. అంతవరకు దాన్ని ఎవరూ కట్టుకోలేరు. మిగిలిన పడుగు పోగుల కొసలకు కొత్త పడుగును ఒక్కొక్క పోగుగా మెలిపెట్టి అతుకుతారు, అది వేరే చీర.

చివరిగా చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. సంతకాల కాగితాలను చింపనక్కరలేదు, పెట్టె అడుగున ఉంచితే చాలు. రాత్రి పది దాటాక ఫోన్ చూడరాదు. హాస్టల్ భోజనం రుచించకపోతే చెనక్కాయల ఊరుబిండి సీసా పంపడం జరుగుతుంది, సంగటి లేకపోయినా అన్నంలోకి కలుపుకోవచ్చు. చివరి భాగాన్ని మళ్ళీ ఒంటరిగా చూడరాదు. అవ్వ ఆ భాగాన్ని కరెంటు పోవడం వల్ల సగమే చూసింది, మిగతా సగం పాపతోనే చూస్తానని పట్టుబట్టింది. ఆ కథ ముగిసిన మరుసటి రోజు నుంచే ఏడున్నరకు మొదలైన ‘బ్రహ్మముడి’ని చూస్తూ, అందులోని పిల్ల కష్టాలు అప్పుడే వివరిస్తున్నది. ఇద్దరూ కలిసి చూసిన తరువాత దేవుడి గూట్లో దీపం పెట్టి మేనత్త మంగళం పాడుతుంది. గొంతు మునుపటిలా లేకపోయినా పాట పూర్తిగా గుర్తున్నది.

ఉగాది మార్చి 22, బుధవారం. మంగళవారం సాయంత్రానికి ధర్మవరం చేరే రైలుకు టికెట్ తీసుకోవాలి. మామ స్టేషన్‌కు బండి తెస్తాడు.

మేనత్త