లక్ష రూపాయల మూలధనంతో మొదలైన బ్యాంకు – డా. భోగరాజు పట్టాభి సీతారామయ్య



స్కాలర్‌షిప్ కోసం మనమంతా బ్యాంకు ఖాతా తెరిచినవాళ్లమే. నాకు వచ్చిన పాస్‌బుక్కే మా ఇంట్లో మొదటి పాస్‌బుక్కు. మా అమ్మ దాన్ని రేషన్ కార్డుతో పాటు ట్రంకు పెట్టెలో దాచింది. మనలాంటివాళ్ల ఇళ్లలో బ్యాంకంటే గౌరవంతో పాటు భయం కూడా ఉంటుంది. తెలుగు నేల మీద ఒక పెద్ద బ్యాంకును స్థాపించి, ఆ తరువాత అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడైన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

బాల్యం – విద్య

పట్టాభి గారు 1880 నవంబరు 24న, నేటి ఏలూరు జిల్లాలోని గుండుగొలను గ్రామంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. చదివారు. తరువాత వైద్యవిద్యలో ఎం.బి.సి.ఎం. పట్టా పొంది మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. మంచి రాబడి ఉన్న ఆ వృత్తిని వదిలి దేశసేవలోకి వచ్చారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనకు కృషి చేశారు. 1919లో 'జన్మభూమి' అనే ఇంగ్లీషు వారపత్రికను ప్రారంభించారు.

బ్యాంకు ఎందుకు?

1855లో విజయవాడ వద్ద కృష్ణా నదిపై ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వరి పంట పెరిగింది. పంట అమ్మిన రోజుల్లో కొందరి చేతిలో డబ్బు ఉండేది. నాట్ల రోజుల్లో రైతుకు పెట్టుబడి దొరికేది కాదు. అప్పుడు షావుకారే దిక్కు, అతను చెప్పిందే వడ్డీ. ఒకరి దగ్గర ఊరికే ఉన్న డబ్బును అవసరమైన మరొకరికి నియమం ప్రకారం చేర్చడమే బ్యాంకు చేసే పని. ఇందుకు కావలసిన మొదటి పెట్టుబడి నమ్మకం. 1906లో మద్రాసులో ఆర్బత్‌నాట్ అనే పెద్ద ఇంగ్లీషు సంస్థ దివాలా తీసి ఎందరో డిపాజిట్‌దారులు నష్టపోయారు. అలాంటి రోజుల తరువాత 'మీ డబ్బు మా దగ్గర దాచండి' అని ప్రజలను అడగడం సులభం కాదు.

పట్టాభి గారు 1915లో కృష్ణా జిల్లాలో సహకార బ్యాంకు స్థాపనకు పూనుకున్నారు. 1923 నవంబరు 28న మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పని ప్రారంభించింది. దాని అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు, చెల్లించిన మూలధనం 1 లక్ష. కామర్సు చదవని తమ్ముళ్ల కోసం ఒక మాట: అధీకృత మూలధనమంటే వాటాల ద్వారా సేకరించడానికి సంస్థకు అనుమతి ఉన్న గరిష్ఠ మొత్తం. చెల్లించిన మూలధనమంటే వాటాదారులు నిజంగా కట్టిన డబ్బు. అంటే అనుమతి ఉన్నదానిలో పదోవంతుతోనే పని మొదలైంది. ఆ తరువాత ఆయన ఆంధ్రా ఇన్సూరెన్స్, భారతలక్ష్మి బ్యాంకు వంటి సంస్థలను కూడా నెలకొల్పారు.

జాతీయ రాజకీయాలలో

పట్టాభి గారు ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. 1935లో కాంగ్రెస్ చరిత్రను ఇంగ్లీషులో రాశారు. 1939లో గాంధీజీ మద్దతుతో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ చేసి సుభాష్ చంద్రబోసు చేతిలో ఓడిపోయారు. బోసుకు 1580 ఓట్లు, ఈయనకు 1377 ఓట్లు వచ్చాయి. ఆ ఓటమి తనదేనని గాంధీజీ అన్నారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమ సమయంలో అరెస్టయి, అహ్మద్‌నగర్ కోటలో సుమారు మూడేళ్లు గడిపారు. 1948లో పురుషోత్తమ దాస్ టాండన్‌పై గెలిచి కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ఓడిన తొమ్మిదేళ్లకు ఆ పదవి ఆయనకు దక్కింది.

అప్పుడే అసలు పరీక్ష ఎదురైంది. భాషాప్రయుక్త రాష్ట్రాలపై వేసిన జె.వి.పి. కమిటీలో నెహ్రూ, పటేల్‌తో పాటు ఆయన కూడా సభ్యుడు. ఆంధ్ర రాష్ట్రం కోసం ఎన్నో ఏళ్లు వాదించిన మనిషే, భాషా రాష్ట్రాలను కొంతకాలం వాయిదా వేయాలన్న 1949 నివేదికపై సంతకం చేశారు. మద్రాసు నగరాన్ని వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేయవచ్చని ఆ నివేదిక చెప్పింది. దీనిపై ఆంధ్రులలో చాలామందికి కోపం వచ్చింది. చివరకు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అందులో మద్రాసు లేదు. ఆయన చేసింది తప్పా, ఒప్పా అన్నది మీరే చర్చించండి. సొంత ప్రాంతంలో మాట పడాల్సి వస్తుందని తెలిసి కూడా సంతకం చేయడం తేలిక కాదని మాత్రం నాకు అనిపిస్తుంది.

1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న పరమపదించారు.

మనం ఆలోచించవలసినది

గొప్పవారిని పొగిడి ఊరుకుంటే చాలదు. బ్యాంకు అప్పుకు హామీ కావాలి. పొలం ఉన్నవాడు కాగితం చూపగలడు. ఆ పొలంలో కూలికి వెళ్లే మన తాతలు ఏమి చూపగలరు? అందుకే మన ఇళ్లకు బ్యాంకు చాలా ఆలస్యంగా వచ్చింది. 1969లో 14 బ్యాంకులను, 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకుతో సహా మరో ఆరింటిని ప్రభుత్వం జాతీయం చేసింది. పేదలకు రుణాలు ఇవ్వాలన్న బాధ్యత బ్యాంకులపై పెరిగింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. పట్టాభి గారు పెట్టిన పేరు అలా బోర్డుల మీద నుండి పోయింది.

అయినా ఆయన జీవితం నుండి మనకు రెండు పాఠాలు మిగిలాయి. పది లక్షలు చేరే వరకు ఆగకుండా లక్షతోనే పని మొదలుపెట్టాలి. పదిమంది సొమ్ముకు, పదిమంది నమ్మకానికి లెక్క చెప్పగలగాలి.

తమ్ముళ్లారా! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నల పాస్‌బుక్కు తెరిచి, అందులో ఏముందో వాళ్లకు చదివి వినిపించండి. సంతకం రాకపోతే నేర్పండి. మనం చదివిన చదువుకు అది మొదటి వడ్డీ.