కండ కావాలంటే ముందు క్యారేజీ చూసుకోండి

"ఎంత తిన్నా ఒంటికి పట్టదండీ." విశాఖ సీతమ్మధారలో ఏ జిమ్ముకెళ్ళి అడిగినా, కొత్తగా చేరిన బక్కపలచని కుర్రాళ్ళు చెప్పేది ఇదే. వాళ్ళు చేసే ఉద్యోగం అడిగితే సగం సంగతి తెలిసిపోతుంది. ఒకరు తెల్లారకముందే లేచి స్టీల్‌ప్లాంటు వైపు బస్సెక్కుతారు. ఒకరు రుషికొండ ఐటీ ఆఫీసులో రాత్రంతా అమెరికా ఫోన్లు మాట్లాడతారు. ఇంకొకరు బట్టల షోరూములో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడతారు. టిఫిన్ బదులు టీ, మధ్యాహ్నం మూడు దాటాక చల్లారిన అన్నం, రాత్రి ఇంటికొచ్చి అలసటతో నాలుగు ముద్దలు. ఆదివారం మాత్రం కడుపునిండా బిర్యానీ. ఆ బిర్యానీయే గుర్తుంటుంది కాబట్టి "బాగానే తింటున్నా" అనిపిస్తుంది.

ఉద్యోగం చేస్తూ కండ పెంచుకోవాలనుకునేవాళ్ళు ముందు సరిచూసుకోవలసింది తిండి వేళలు. జిమ్ము ఆ తర్వాత. డ్యూటీ చార్టు ఎలా ఉంటే తిండి చార్టు అలా కట్టుకోవాలి. మిగతా సలహాలన్నీ దాని వెనకే.

ఒంటికి పట్టకపోవడం నిజమేనా?

కొంతవరకు నిజమే. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 16 మందికి ఎనిమిది వారాలపాటు రోజూ అవసరానికి మించి 1000 కేలరీలు తినిపించి చూశారు. 1999లో ఫలితాలు ప్రచురించారు. ఒకరికి అరకిలో కొవ్వు కూడా చేరలేదు. మరొకరికి నాలుగు కిలోలు దాటింది. తిండి పెరగ్గానే కొందరి ఒళ్ళు తమకు తెలియకుండానే ఎక్కువ కదిలింది: కాళ్ళూపడం, లేచి తిరగడం, కుదురుగా కూర్చోకపోవడం. తిన్నదాంట్లో చాలా భాగం అలా ఖర్చయిపోయింది.

మీరూ ఆ కోవలో మనిషైతే పక్కవాడికంటే ఇంకాస్త ఎక్కువ తినాలి, అదీ ప్రతిరోజూ తినాలి. ముందు ఒక్క వారం నోట్లో పడ్డదల్లా ఫోనులో రాసుకోండి. టీలు, మానేసిన టిఫిన్లు కూడా. చాలామందికి కారణం ఆ వారంలోనే కనబడుతుంది.

ముందు డాక్టరు, తర్వాత డంబెల్

చిన్నప్పటినుంచీ సన్నగానే ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఉన్న బరువు తగ్గుతున్నవాళ్ళ సంగతి వేరు. ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలలు, ఏడాదిలో బరువులో ఐదు శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57కి వస్తే, వ్యాయామం సంగతి పక్కనపెట్టి డాక్టరును కలవండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, అతిదాహం, గుండెదడ, తరచూ విరేచనాలు ఉన్నా అంతే. టీబీ, షుగరు, థైరాయిడ్ ఎక్కువవడం, పేగుల జబ్బులు, ఇవన్నీ మనిషిని ఎండబెడతాయి. వీటికి మొదటి పరీక్షలు కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్)లోనే చేయించుకోవచ్చు. టీబీ పరీక్ష, మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

కిలోల్లో మీ బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించండి. 18.5 కంటే తక్కువ వస్తే బరువు తక్కువ అని లెక్క. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి అది సుమారు 53.5 కిలోల దగ్గర పడుతుంది.

ఎంత ఎక్కువ తినాలి?

ఇప్పుడు తింటున్నదాని మీద రోజుకు 300 నుంచి 500 కేలరీలు చాలు. ఒక గ్లాసు పాలు, రెండు అరటిపళ్ళు, చిన్న గుప్పెడు వేరుశనగ గుళ్ళు కలిపితే దాదాపు 450. ఇంతకు మించి కుక్కితే పెరిగేది పొట్టే.

ప్రోటీన్ లెక్క విడిగా చూడాలి. మామూలు ఆరోగ్యానికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. బరువులెత్తి కండ పెంచుకునేవాళ్ళకి కిలోకు 1.6 గ్రాముల దాకా ఉపయోగపడుతుందని వ్యాయామ పరిశోధనలు చెబుతున్నాయి. 55 కిలోల మనిషికి అది 88 గ్రాములు. మూడు గుడ్లు 18, రెండు గ్లాసుల పాలు 16, రెండు కప్పుల ముద్దపప్పు 14, యాభై గ్రాముల వేరుశనగ గుళ్ళు 12, ఒక కప్పు పెరుగు 6, వంద గ్రాముల చేప లేదా కోడిమాంసం 20. మొత్తం 86. అన్నం, ఇడ్లీల్లోంచి వచ్చేది దీనికి అదనం. అంటే ఇంటి తిండితోనే సరిపోతుంది.

గుడ్డు, మాంసం ముట్టనివాళ్ళు వాటి బదులు యాభై గ్రాముల మీల్‌మేకర్ వేసుకుంటే 25 గ్రాములు వస్తుంది. వంద గ్రాముల పనీరు వేసుకుంటే 18 గ్రాములు. ఉడికించిన శనగలు, పెసరట్టు కూడా కలుపుకోవచ్చు. మన బీచ్ రోడ్డు మీద విగ్రహమై నిలబడ్డ వీరఘట్టం మల్లుడు కోడి రామ్మూర్తి నాయుడు శాకాహారి అని ప్రసిద్ధి. శాకాహారం కండకు అడ్డం కాదు.

షిఫ్టును బట్టి తిండి

*ఉదయం ఆరు నుంచి రెండు.* నాలుగున్నరకి లేచినప్పుడు ఆకలి ఉండదు. అప్పుడు నమలడం కంటే తాగడం తేలిక. పాలు, అరటిపండు, రెండు చెంచాల వేరుశనగ పొడి, బెల్లం వేసి మిక్సీ పట్టి తాగి బస్సెక్కండి. చోడి అంబలిలో మజ్జిగ పోసుకున్నా మంచిదే. తొమ్మిదింటి విరామానికి క్యారేజీలో ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్లు. ఇంటికొచ్చాక రెండున్నరకి పూర్తి భోజనం. ఆ తర్వాత కునుకు, సాయంత్రం ఐదున్నరకి జిమ్ము.

*మధ్యాహ్నం రెండు నుంచి పది.* కండ పట్టడానికి ఇదే మంచి షిఫ్టు. పొద్దున్న టిఫిన్ తిని, గంటన్నర ఆగి వ్యాయామం. పన్నెండున్నరకి పప్పన్నం, నెయ్యి. ఆరు గంటలకు టీతోపాటు శనగలో, గుడ్లో. రాత్రి పదకొండింటికి పెరుగన్నం, కూర. ఆలస్యమైందని ఈ పూట మానకండి.

*రాత్రి పది నుంచి ఆరు.* ఇదే అందరినీ దెబ్బతీసేది. తొమ్మిదింటికి ఇంట్లో పూర్తి భోజనం చేసి వెళ్ళండి. ఒంటిగంటకి క్యారేజీ: చపాతీ, గుడ్డుకూర, లేదా పెరుగన్నం, గుప్పెడు గుళ్ళు. అర్ధరాత్రి వేపుళ్ళు, బిర్యానీ అరగవు. మూడు దాటాక టీ తాగొద్దు, పొద్దున్న నిద్ర చెడుతుంది. ఇంటికొచ్చి ఇడ్లీ, పాలు తీసుకుని కిటికీకి దుప్పటి కట్టి ఏడు గంటలు పడుకోండి. లేచాక భోజనం, సాయంత్రం వ్యాయామం. నిద్రలేని రోజు బరువులెత్తకండి. తిండి మాత్రం తప్పొద్దు.

షిఫ్టు ఏదైనా రెండు జాగ్రత్తలు. ఖాళీ కడుపున టీ, సిగరెట్ ఆకలిని చంపుతాయి. తిన్న గంట తర్వాత టీ తాగండి. రెండోది, భోజన విరామం ఎవరి దయా కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని ఉండేది. షోరూముల్లో, చిన్న కంపెనీల్లో పనిచేసేవాళ్ళు ఇన్‌ఛార్జితో తగువు పడక్కర్లేదు. "సార్, నేను నాలుగింటికి పది నిమిషాలు తిని వస్తాను, అప్పుడు కౌంటరు ఫలానావాళ్ళు చూస్తారు" అని వేళ, బదులు మనిషి చెప్పి అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

రైతుబజారు సంచీ

అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరిలో మొదలైన రైతుబజార్లలో సీతమ్మధారకూ ఒకటి దక్కింది. వారానికోసారి అక్కడ అరటిపళ్ళు, చిలగడదుంపలు, ఆకుకూరలు తెచ్చుకోండి. కిరాణాలో వేరుశనగ గుళ్ళు, మినపగుళ్ళు, శనగలు, చోళ్ళు, బెల్లం. గుడ్లు అట్టతో సహా కొనండి. ఒక్కొక్కటీ కొనుక్కుంటే మూడో రోజుకి మానేస్తారు.

చేపల్లో వంజరం, చందువ కోసం ఖర్చు పెట్టక్కర్లేదు. కవళ్ళు, కానాగంతలు చౌక. ప్రోటీన్‌లో ఏమీ తీసిపోవు, మంచి కొవ్వు కూడా ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలూ చేప ప్రియం కాబట్టి గుడ్డు, కోడి, పప్పుల మీదికి మళ్ళండి.

బ్యాగులో వేసుకోవడానికి సున్నుండలకి మించింది లేదు. మినుములు, బెల్లం, నెయ్యి. పాడవవు, వేడి చెయ్యక్కర్లేదు, ఒక మోస్తరు ఉండలో 150కి పైగా కేలరీలు. ఆదివారం ఇంట్లో అమ్మకో అత్తకో సాయం పట్టి చేయించుకుంటే వారానికి సరిపోతాయి. షుగరు ఉన్నవాళ్ళు మాత్రం వీటి జోలికి పోకండి.

బరువులు: వారానికి మూడు రోజులు

తిండి రెండు వారాలు కుదురుకున్నాక జిమ్ము మొదలుపెట్టండి. వారానికి మూడుసార్లు, ముప్పావుగంట. ఆరు కదలికలు చాలు: స్క్వాట్, బెంచ్ ప్రెస్, రోయింగ్, డెడ్‌లిఫ్ట్, షోల్డర్ ప్రెస్, పుల్‌డౌన్. ఒక్కో రోజు వీటిలో నాలుగు చేయండి. ప్రతిదీ మూడు సెట్లు, సెట్టుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు. ఇంకో రెండుసార్లు ఎత్తగలను అనిపించినప్పుడు ఆపండి. మూడు సెట్లలోనూ పన్నెండు వచ్చిన రోజు, తర్వాతిసారికి రెండున్నర కిలోలు పెంచండి. ఇలా మెల్లగా బరువు పెరుగుతూ ఉంటేనే కండ పెరుగుతుంది. రోజూ అదే డంబెల్ అయితే ఒళ్ళు అక్కడే ఆగిపోతుంది. ఏది ఎంత ఎత్తారో రాసుకోండి.

పోర్టులో, గోడౌన్లలో రోజంతా మూటలు మోసేవాళ్ళు కూడా సన్నగా ఉండడం చూస్తాం. ఆ పనిలో ఎత్తే బరువు పెరుగుతూ పోదు, ఖర్చయ్యే శక్తి మాత్రం ఎక్కువ, దానికి తగ్గ తిండి ఉండదు. ఒళ్ళు వంచే ఉద్యోగమైతే జిమ్ము వారానికి రెండు రోజులే. తిండి మాత్రం మరో 300 కేలరీలు పెంచండి. కొలిమి దగ్గర, ఎండలో పనిచేసేవాళ్ళు ఉప్పు వేసిన మజ్జిగ ఎక్కువగా తాగాలి.

జిమ్ముకి డబ్బు, తీరిక లేకపోతే ఇంట్లోనే దండీలు, బస్కీలు. తేలికైపోయాక వీపున పుస్తకాల సంచీ వేసుకుని చేయండి. కండరం బాగా అలిసేదాకా చేస్తే తక్కువ బరువుతోనూ కండ పడుతుంది. పరుగు, సైకిల్ పూర్తిగా మానక్కర్లేదు, వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు చాలు.

డబ్బాలు, సూదులు

మాస్ గెయినర్ డబ్బాల్లో చాలావాటిలో సింహభాగం చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్. అరటిపండు, పాలు, పల్లీలు చేసే పనే అవి ఖరీదుగా చేస్తాయి. ప్రోటీన్ పొడికి దూరంగా ఉండమనే జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెప్పాయి. తిండితో ఎంతకీ లెక్క కుదరనప్పుడే, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు చూసి, డబ్బా ధరను అందులోని మొత్తం ప్రోటీన్ గ్రాములతో భాగించి, గుడ్డుతో పోల్చి, అప్పుడు ఆలోచించండి. కిడ్నీ జబ్బున్నవాళ్ళు డాక్టరునడక్కుండా ప్రోటీన్ పెంచకూడదు.

మూడు నెలల్లో పది కిలోలంటూ ఎవరైనా సూది గాని, పేరు లేని మాత్ర గాని ఇవ్వబోతే ఆ జిమ్ము మానేయండి. స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని, సంతానశక్తిని దెబ్బతీస్తాయి.

ఎన్నాళ్ళు పడుతుంది?

శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 1994, 1995 ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో 54 కిలోల విభాగంలో స్వర్ణాలు గెలిచారు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల విభాగంలో రజతం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం. బరువులెత్తడమే జీవితంగా ఉన్న ప్రపంచ విజేత కూడా ఆ మెట్లెక్కడానికి ఐదారేళ్ళు తీసుకున్నారు. ఉద్యోగం చేసుకుంటూ మనం నెలకు అరకిలో నుంచి కిలో పెరిగితే అది మంచి వేగం.

వారానికి రెండుసార్లు, నిద్ర లేచి కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసుకోండి. రెండు తూకాల సగటు రాసుకోండి. షిఫ్టు మారినా "నిద్ర లేవగానే" అన్న నియమం మారదు. నెలకోసారి బొడ్డు దగ్గర టేపు పెట్టండి. రెండు వారాలు బరువు కదలకపోతే మరో గ్లాసు పాలు కలపండి. బరువుకంటే పొట్ట ముందు పెరుగుతుంటే నెయ్యి, తీపి తగ్గించి బరువులెత్తడం సరిచూసుకోండి. మూడు నెలలు రాసుకున్నట్టే తిని, ఎత్తి, నిద్రపోయినా కిలో కూడా పెరగకపోతే రాసుకున్న లెక్కలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. "ఒంటికి పట్టదండీ" అన్న మాటకంటే ఆ లెక్కలు ఆయనకు ఎక్కువ పనికొస్తాయి.