మెదడువాపు వ్యాధి

వరిచేల నిలువనీటిలో పెరుగు క్యూలెక్స్ జాతి దోమ సంజవేళ మొదలుకొని రాత్రియంతయు కుట్టును. పందులలోను కొంగలలోను వృద్ధిపొందు ఒక వైరస్ ఆ కాటుతో మనుష్యుని చేరును. ఇదియే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనబడు మెదడువాపు వ్యాధి. మనదేశమున ఇది 1955లో వెల్లూరు ప్రాంతమున మొదట గుర్తింపబడెను. రోగి నుండి మరియొకరికి ఇది అంటదు. రోగిని దూరముగా నుంచుట వృథా.

వైరస్ సోకిన సుమారు 250 మందిలో ఒకరికే వ్యాధి తీవ్రమగును. అట్టివారి మెదడులో జరుగునది విచిత్రము. మైక్రోగ్లియా అను సూక్ష్మకణములు మెదడునకు కావలివాండ్రు. వైరస్ ప్రవేశింపగానే అవి రేగి, శత్రువును చంపుటకై తీక్ష్ణమైన రసాయనములను విడుచును. ఇది మితిమీరినచో ప్రక్కనున్న మంచి నాడీకణములును నశించును. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నట్లే! పైగా పుర్రె సాగునది కాదు. వాచిన మెదడునకు చోటు చాలదు. తలనొప్పి, వాంతులు, మూర్ఛలు, స్పృహ తప్పుట కలుగును. వైరస్ చేయు హానికి ఈ వాపు తోడగుటచే, బ్రతికిన బిడ్డలలో పలువురికి మాటయో, నడకయో, జ్ఞాపకమో దెబ్బతినును.

ఈ వైరస్‌ను చంపు ప్రత్యేకౌషధము నేటికిని లేదు. జ్వరముతో మూర్ఛ వచ్చిన బిడ్డకు దిష్టి తీయుచు రాత్రి గడపక, తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను. వ్యాధి ప్రబలు జిల్లాలలో 9 నెలలు నిండిన పిమ్మట ఒక టీకా, 16-24 నెలల నడుమ రెండవది ఉచితముగా వేయుదురు.