జానెడు బొమ్మకు బారెడు ఓపిక

కొండపల్లి బొమ్మ చేతిలో ఉంటే ఎంత ముద్దుగా ఉంటుందో, ఫోన్‌తో ఫొటో తీస్తే అంత నాసిగా వస్తుంది. ఏనుగుకి తొండం మరీ పెద్దది, తోక మసక, అంబారీ మీది ఎరుపంతా ఒకే ముద్ద, మావటివాడి తలపాగా మీద తెల్ల మచ్చ. బొమ్మలో లోపం లేదు, ఫోన్ కూడా మంచిదే. చిన్న వస్తువుని దగ్గర నుంచి తీసేటప్పుడు వెలుతురు, లెన్సు, సెన్సరు మనకు అలవాటైన పద్ధతిలో పనిచేయవు, అంతే. వాటి లెక్క తెలిస్తే ఖరీదైన కెమెరా లేకుండానే చాలావరకు బాగుచేసుకోవచ్చు.

ఇది నాకు ఎందుకు అవసరమైందంటే, మా అవ్వది కైరుప్పల. కర్నూలు జిల్లా ఆస్పరి మండలం. ఉగాది మరుసటి రోజు పిడకల సమరం జరిగే ఊరు అంటే చాలామంది గుర్తుపడతారు. అవ్వ దగ్గర 22 కొండపల్లి బొమ్మలున్నాయి. బెజవాడ కనకదుర్గమ్మ దర్శనానికి పోయినప్పుడల్లా ఒకటో రెండో తెచ్చుకున్నవి. ఉగాదికి కూతుళ్ళు ముగ్గురూ ఊరికొస్తారు కదా, అప్పుడే పంచేయాలని అవ్వ తీర్మానం. తర్వాత ఒక వాటా ఎమ్మిగనూరు, ఒకటి బళ్ళారి, ఒకటి హైదరాబాద్. అన్నీ మళ్ళీ ఒకచోట చేరడం కష్టం. అందుకే పంచేలోగా ఫొటోలు తీసే పని నాకొచ్చింది. అవ్వ పెట్టిన కండిషన్ ఒక్కటే: "బొమ్మ ఎట్లుందో అట్లనే రావల్లరా. పగుళ్ళుంటే పగుళ్ళతోనే."

ఫొటోగ్రఫీలో ఇంతకంటే కష్టమైన కండిషన్ లేదని ఆ వారంలో అర్థమైంది.

ముందు బొమ్మని చూడండి

కొండపల్లి బొమ్మను తెల్ల పొణికి అనే తేలికైన కర్రతో చేస్తారు. కాళ్ళు, చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. పైన తెల్ల పూత వేసి, ఆరాక రంగులేస్తారు. నీటి రంగులు వేసిన బొమ్మకు మెరుపు తక్కువ. ఎనామెల్ వేసింది బాగా మెరుస్తుంది. ఏటికొప్పాక బొమ్మలైతే అంకుడు కర్ర మీద లక్క పూసినవి కాబట్టి అద్దంలా ఉంటాయి. మీ బొమ్మ ఏ రకమో తెలిస్తేనే వెలుతురు ఎలా పెట్టాలో తెలుస్తుంది.

దుమ్ము దులపడానికి మెత్తటి పొడి బ్రష్ చాలు. నీటి రంగులకు తడి బట్ట తగలనీయొద్దు, రంగు ఊడొస్తుంది. నోటితో ఊదడం కూడా వద్దు, తుంపర్లు పడతాయి.

వెలుతురు

మెరిసే బొమ్మ మీద తెల్ల మచ్చ ఎందుకొస్తుంది? ఆ మచ్చ నిజానికి దీపం ప్రతిబింబమే. దీపం చిన్నదైతే మచ్చ చిన్నగా, కళ్ళు చెదిరేట్టు ఉంటుంది. దీపం పెద్దదైతే అదే వెలుగు ఎక్కువ మేర పరుచుకుని మెత్తబడుతుంది. ఇక్కడ చిన్న బొమ్మతో మనకొక లాభముంది. మనిషికి కిటికీ మామూలు కిటికీయే, జానెడు బొమ్మకు మాత్రం అది ఆకాశమంత దీపం. కాబట్టి ఫోన్ ఫ్లాష్ ఆపేసి, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన బొమ్మను పెట్టండి. ఎండ పడుతుంటే కిటికీకి ట్రేసింగ్ పేపర్ అంటించండి. కిటికీకి ఎదురు వైపు ఒక తెల్ల చార్టు నిలబెడితే నీడలు తేలికపడతాయి. సున్నం కొట్టిన గోడ దగ్గర్లో ఉంటే ఆ చార్టు కూడా అక్కర్లేదు.

కిటికీ వెలుతురు, ట్యూబ్‌లైటు రెండూ కలపొద్దు. ఒక పక్క నీలం, ఒక పక్క పసుపు పడితే ఎడిటింగ్‌లో రెండూ ఒకేసారి సరికావు. రాత్రిపూట ఎల్ఈడీ కింద తీయక తప్పకపోతే షట్టర్ స్పీడ్ సెకనులో 50వ వంతు గానీ 100వ వంతు గానీ పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. అంతకంటే వేగంగా తీస్తే ఫొటోలో అడ్డచారలు వస్తాయి.

దూరం

చిన్న బొమ్మ అనగానే అందరం ఫోన్ ముక్కు మీదికి తెస్తాం. లెక్క చూడండి. ఏనుగు పొడవు 15 సెంటీమీటర్లు అనుకుందాం. తొండానికి 10 సెంటీమీటర్ల దూరంలో లెన్సు పెడితే తోక 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే తొండం వైపు భాగాలు తోక వైపు వాటి కంటే రెండున్నర రెట్లు పెద్దగా కనిపిస్తాయి. అదే 40 సెంటీమీటర్ల దూరానికి వెనక్కి జరిగితే 55ని 40తో భాగించాలి, తేడా 1.4 రెట్లే. ఏనుగు ఏనుగులా ఉంటుంది.

వెనక్కి జరిగితే ఇంకో లాభం. ఫోకస్‌లో ఉండే లోతు సుమారుగా దూరం వర్గంతో పెరుగుతుంది. దూరం రెండింతలైతే లోతు దాదాపు నాలుగింతలు. బొమ్మ ఫ్రేములో సగం అవుతుంది నిజమే, క్రాప్ చేసుకుంటే సరి. 12 మెగాపిక్సెల్ ఫొటోను వెడల్పులో సగం, ఎత్తులో సగం కోసినా 3 మెగాపిక్సెల్ మిగులుతుంది. ఫోన్ స్క్రీన్‌కి అది చాలు. మీ ఫోన్‌లో 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్సు విడిగా ఉంటే ఇంకా మంచిది.

కెమెరా ఎత్తు కూడా ముఖ్యం. పైనుంచి తీస్తే బల్ల మీది బొమ్మ బల్ల మీది బొమ్మగానే ఉంటుంది. ఫోన్‌ని బొమ్మ కళ్ళ ఎత్తుకు దించితే, తాటిచెట్టు ఎక్కుతున్న కల్లుగీత బొమ్మ నిజంగానే తల పైకెత్తి చూడాల్సినంత ఎత్తులో కనిపిస్తుంది. ఫోన్‌ని పుస్తకాలకు ఆనించి, 2 సెకన్ల టైమర్ పెట్టి తీయండి. చెయ్యి వణుకు పోతుంది, ఐఎస్ఓ తక్కువలో ఉంచొచ్చు.

పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి. అది వెనక భాగాన్ని సాఫ్ట్‌వేర్‌తో మసక చేస్తుంది. సన్నటి తాళ్ళు, దంతాలు, ఎద్దుల కొమ్ములు దానికి సరిగ్గా అర్థంకావు, సగం తినేస్తుంది.

ఇంత చేసినా తొండం నుంచి తోక దాకా పదును రాకపోతే ఫోకస్ స్టాకింగ్ ఉంది. ఫోన్ కదలకుండా, మాన్యువల్ ఫోకస్‌ని ముందు నుంచి వెనక్కి కొద్దికొద్దిగా జరుపుతూ 6, 7 ఫొటోలు తీయాలి. తర్వాత ప్రతి చోటా ఏ ఫొటో పదునుగా ఉందో ఆ పిక్సెల్ తీసుకోవాలి. హ్యూజిన్‌తో వచ్చే టూల్స్, ఎన్‌ఫ్యూజ్ కలిపి ఈ పని ఉచితంగా చేస్తాయి. మన సీఎస్ఈ వాళ్ళకైతే ఓపెన్‌సీవీలో లాప్లాసియన్‌తో పదును కొలిచి స్వయంగా రాసుకోవచ్చు, ఒక ఆదివారం పని.

వెనక ఏం పెట్టాలి

ఎమ్మిగనూరు చేనేత గుడ్డ బ్యాక్‌గ్రౌండ్‌గా భలే ఉంటుంది అనిపిస్తుంది. కానీ బొమ్మకు ఆనించి వేస్తే దారాలు మోకుల్లా కనిపించి, బొమ్మ ఎంత చిన్నదో చెప్పేస్తాయి. గుడ్డను అడుగున్నర వెనక్కి కట్టండి, రంగు మిగిలి నేత కరిగిపోతుంది. నల్లరేగడి మట్టి కూడా అంతే. పెళ్ళలు బండరాళ్ళలా ఉంటాయి. జల్లెడ పట్టి పరిస్తే ఎద్దుల బండికి సరైన పొలం అవుతుంది. బొమ్మ కింద చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టండి, కాళ్ళ రంగుకి మట్టి అంటదు.

ఎడిటింగ్

మొదటి పని వైట్ బ్యాలన్స్. ప్రతి బొమ్మతో ఒక ఫొటో తెల్ల వస్తువు పక్కన పెట్టి తీయండి. ప్రింటర్ కాగితం వద్దు, దానిలో తెల్లదనం కోసం కలిపే రసాయనం వల్ల కొంచెం నీలం వైపు పోతుంది. ప్లంబర్లు కుళాయి మరలకు చుట్టే టెఫ్లాన్ టేపును నాలుగైదు పొరలు చుట్టి వాడండి. ఎడిటింగ్‌లో దాని మీద ఐడ్రాపర్ నొక్కితే చాలు. లోపల జరిగేది చిన్న గుణకారమే. టేపు మీద ఎరుపు 210, ఆకుపచ్చ 200, నీలం 170 ఉంటే, ఎరుపుని 0.95తో, నీలాన్ని 1.18తో గుణిస్తే మూడూ 200 అవుతాయి. అదే గుణకారం బొమ్మ అంతటికీ. జేపెగ్‌లో విలువలు అప్పటికే వంకర గీత మీద ఎక్కి ఉంటాయి కాబట్టి ఈ లెక్క రా ఫైల్‌లోనే సరిగ్గా కుదురుతుంది. మీ ఫోన్ రా ఇస్తే అదే తీయండి, డార్క్‌టేబుల్ గానీ స్నాప్‌సీడ్ గానీ తెరుస్తుంది.

రెండోది ఎరుపు. కొండపల్లి ఎరుపు చాలా చిక్కనిది. మొత్తం ఫొటో బాగానే ఉన్నట్టు కనిపించినా ఎరుపు ఛానల్ ఒక్కటి 255 తాకేసి ఉంటుంది. అప్పుడు అంబారీ మీది గీతలు, కుంచె జాడలు అన్నీ ఒకే ముద్ద. ఒకసారి పోతే ఏ స్లైడరూ వాటిని వెనక్కి తేలేదు. కాబట్టి తీసేటప్పుడే ఎక్స్‌పోజర్‌ని మైనస్ 0.7 దగ్గర పెట్టి, తర్వాత నీడల్ని కొంచెం లేపండి.

ఆ తర్వాత వరస ఇది: క్రాప్, ఎక్స్‌పోజర్, హైలైట్స్, నీడలు, చివర్లో కొంచెం షార్ప్‌నెస్. శాచురేషన్ జోలికి పోవద్దు. పోల్చి చూసేటప్పుడు బొమ్మను అదే కిటికీ దగ్గర పెట్టుకుని, స్క్రీన్ బ్రైట్‌నెస్ మధ్యలో ఉంచి, నైట్ మోడ్ ఆపి చూడండి.

రెండు రకాల ఫొటోలు

ఒక్కో బొమ్మకు రెండు ఫొటోలు వేరుగా తీయడం మంచిది. మొదటిది రికార్డు ఫొటో: బూడిద రంగు చార్టు, పక్కన జామెట్రీ బాక్సులోని స్కేలు, ముందు, వెనక, రెండు పక్కలు, అడుగు. ఇందులో హీలింగ్ టూల్‌తో దుమ్ము కణం తీసేయొచ్చు, రంగు పెచ్చు ఊడిన చోటు మాత్రం ముట్టుకోకూడదు. రంగులు వెలుతురుకి ఏళ్ళ తరబడి వెలిసిపోతాయి. రేపు ఎవరైనా ఆ ఎద్దుకి మళ్ళీ రంగు వేయించాలనుకుంటే చూసేది ఈ ఫొటోనే. మనం ఇక్కడ అందం కోసం ఎరుపు పెంచితే, అక్కడ ఎద్దు వేరే ఎరుపు వేసుకుంటుంది.

రెండోది కథ ఫొటో. ఇక్కడ మీ ఇష్టం. నేను పల్లె బొమ్మల్ని రెండు జట్లుగా నిలబెట్టి, పిడకను నలిపి ముక్కలు చుట్టూ చల్లి చిన్న పిడకల సమరం పెట్టాను. సమరమంటే దుమ్ము లేవాలి, కానీ బొమ్మల మీద దుమ్ము పోయలేం. అందుకని నల్ల గుడ్డ ముందు చిటికెడు పిండి ఎగరేసి, పక్క నుంచి వెలుతురు పెట్టి విడిగా తీసి, ఆ ఫొటోను పై లేయర్‌గా స్క్రీన్ మోడ్‌లో కలిపాను. స్క్రీన్ మోడ్‌లో నలుపు మాయమై తెలుపు మాత్రమే మిగులుతుంది. ఇలా కలిపింది అని క్యాప్షన్‌లో రాయండి. లేకపోతే పదేళ్ళ తర్వాత ఏది రికార్డో, ఏది ఆటో ఇంట్లోవాళ్ళకే తెలియదు.

చివరగా ఫైళ్ళు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఫైల్ పేరులో బొమ్మ పేరు, ఎత్తు, తీసిన తేదీ ఉండాలి. ఎవరి వాటాకు పోయిందో కూడా పక్కన ఒక షీట్‌లో రాసిపెట్టాను. ఎప్పుడైనా ఏనుగును చూడాలంటే ఏ ఇంటి తలుపు తట్టాలో తెలియాలి కదా.